జర్మనీ పాత ఊళ్లు: కట్టిన ఏడాది, మళ్లీ కట్టిన ఏడాది

సంపాదకులకు నమస్కారం.

పర్యాటక పేజీల్లో జర్మనీ పాత పట్టణాల ఫొటో పడిందంటే దాని కింద 'వందల ఏళ్లుగా చెక్కుచెదరని' అన్న మాట ఉండి తీరుతుంది. ఎర్ర పెంకుల కప్పులు, కర్ర దూలాలు బయటికి కనిపించే ఇళ్లు, రాళ్లు పరిచిన సందు, చివర ఒక బురుజు. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. కానీ ఆ ఊళ్లలో చాలావాటికి ఆ మాట నప్పదు. 1942 నుంచి 1945 మధ్య బాంబులకు కాలిపోయి, తర్వాత రాయి రాయి పేర్చి లేపినవి వాటిలో ఎన్నో. ఏది పాతదో ఏది తిరిగి కట్టిందో తెలియకుండా తిరిగితే ఆరో ఊరికల్లా అన్నీ ఒకేలా కనిపిస్తాయి. 'ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే' అని విసుక్కునేవాళ్లు ఎక్కువగా వారంలో ఎనిమిది ఊళ్లు తిప్పే బస్సు ప్యాకేజీల్లో వెళ్లొచ్చినవాళ్లే. అందుకే ఈ ఉత్తరం. కొంచెం పెద్దదే, ఓపిక పట్టండి.

మొదట ఫ్రాంక్‌ఫర్ట్ చూద్దాం, విమానం దిగేది చాలామంది అక్కడే కాబట్టి. ర్యోమర్‌బెర్గ్ చౌరస్తాలో పాత టౌన్‌హాలుకు ఎదురుగా కర్ర చట్రాల ఇళ్ల వరస ఒకటుంది. మధ్యయుగం నాటిదని అందరూ ఫొటో తీసుకునే ఆ వరసను కట్టింది 1980ల తొలి ఏళ్లలో. అసలు ఇళ్లు 1944 మార్చి దాడుల్లో కాలిపోయాయి. అక్కడి నుంచి కెథెడ్రల్ వైపు నాలుగడుగులు వేస్తే వచ్చే 'కొత్త పాత ఊరు' ఇంకా కొత్తది. అక్కడుండిన కాంక్రీటు ఆఫీసు భవనాన్ని 2010లో కూల్చి, ఆ స్థలంలో 35 ఇళ్లు కట్టి 2018లో తెరిచారు. వాటిలో 15 పాత ఇళ్లకు నకళ్లు, మిగిలిన 20 కొత్త డిజైన్లు. నకలు కదా అని చిన్నచూపు చూడనక్కర్లేదు. పాత కొలతలు, పాత ఫొటోలు ముందు పెట్టుకుని వడ్రంగులు పాత పద్ధతిలోనే కర్రను కర్రతో బిగించిన పని అది. ఇటుకల మధ్య అక్కడక్కడ ఎర్రటి పాత రాయి కనిపిస్తుంది చూడండి, అది కాలిన ఇంటి నుంచి ఏరి తెచ్చి పెట్టినది.

డ్రెస్డెన్‌లో ఈ తేడా దూరం నుంచే కనిపిస్తుంది. ఫ్రావెన్‌కిర్షె చర్చి గోడల మీద లేత రంగు రాళ్ల నడుమ నల్లటి రాళ్లు చెల్లాచెదురుగా ఉంటాయి. 1945 ఫిబ్రవరి 13 రాత్రి బాంబు దాడి జరిగితే చర్చి వెంటనే పడలేదు. లోపల మంట వేడికి స్తంభాలు బలహీనపడి 15వ తేదీ ఉదయం కూలింది. తూర్పు జర్మనీ కాలమంతా ఆ రాళ్ల గుట్ట అలాగే ఉంది. 1994లో మళ్లీ కట్టడం మొదలుపెట్టి 2005 అక్టోబరు 30న ప్రార్థనలకు తెరిచారు. నల్లవి గుట్టలో దొరికిన పాత రాళ్లు, ఒక్కొక్కటీ ఎక్కడిదో గుర్తుపట్టి వీలైనంతవరకు ఆ చోటే పెట్టారు. అయితే ఆ నలుపును మసి అనుకుంటే పొరపాటు. ఎల్బే లోయ ఇసుకరాయి ఏళ్లు గడిచేకొద్దీ గాలికీ వానకూ తనంతట తానే నల్లబడుతుంది. ఇంకొన్ని దశాబ్దాలకు లేత రాళ్లూ నల్లబడి తేడా చెరిగిపోతుంది, చూడాలంటే ఇప్పుడే చూడాలి. గోపురం పైకి ఎక్కడానికి టికెట్ వేరే, ద్వారం కూడా వేరే. 67 మీటర్ల ఎత్తున నిలబడి చూడొచ్చు. ఆదివారం ఉదయం ప్రార్థన ఉంటుంది కనుక ఆ పూట పైకి పంపరని లెక్కలో పెట్టుకోండి. రెండు వీధుల అవతల రాజుల ఊరేగింపు చిత్రించిన 102 మీటర్ల పొడవు గోడ ఉంది. దాని మీది మైసెన్ పింగాణీ పలకలు 1907కల్లా అతికించినవే, చాలావరకు మంటలకు తట్టుకున్నాయి. ఒకసారి కొలిమిలో కాలినవి కదా!

ఇక అందరూ అడిగే రోథెన్‌బర్గ్. ముందు పేరు సరిచూసుకోండి. టికెట్ మీద 'రోథెన్‌బర్గ్ ఓబ్ డెర్ టావుబర్' (టావుబర్ నది పైనున్న రోథెన్‌బర్గ్) అని ఉండాలి. రోటెన్‌బర్గ్ (వ్యూమె), రోటెన్‌బర్గ్ (ఫుల్డా ఒడ్డున), రొట్టెన్‌బర్గ్ (నెక్కార్ ఒడ్డున), పోలండు సరిహద్దు దగ్గర మరో రోథెన్‌బర్గ్, ఇన్ని ఉన్నాయి. ఫోనులో తొందరగా టైపు చేసి మొదట వచ్చినదాన్ని నొక్కితే ఇంకో రాష్ట్రంలో తేలతారు. ఫ్రాంక్‌ఫర్ట్ (మైన్)కూ ఫ్రాంక్‌ఫర్ట్ (ఓడర్)కూ మధ్య దేశం అడ్డంగా ఉంది. ఫ్రైబుర్గ్, ఫ్రైబెర్గ్, ఫ్రైయుబుర్గ్ మూడూ వేరువేరు ఊళ్లు. ఊరి పేరు తర్వాత బ్రాకెట్లో వచ్చే నది పేరో రాష్ట్రం పేరో అలంకారం కోసం పెట్టింది కాదు, అదే అసలు గుర్తు.

రోథెన్‌బర్గ్‌కు పెద్ద రైళ్లు లేవు. వ్యూర్జ్‌బర్గ్ నుంచి వచ్చినా, న్యూరెంబర్గ్ నుంచి అన్స్‌బాక్‌లో మారి వచ్చినా చివరికి ష్టైనాక్ అనే చిన్న స్టేషన్‌లో దిగి రెండు పెట్టెల బండి ఎక్కాలి. అక్కడి నుంచి పావుగంట. ఆ బండి ఇంచుమించు గంటకొకటి. ముందు రైలు పది నిమిషాలు ఆలస్యమై ఇది తప్పిపోతే గంటసేపు ప్లాట్‌ఫారం మీదే, చుట్టూ పొలాలు తప్ప ఏమీ ఉండదు. నీళ్లు, బిస్కెట్లు సంచిలో ఉంచుకోండి. అన్నిటికంటే ముఖ్యం, రాత్రి తిరుగు ప్రయాణంలో చివరి బండి ఎప్పుడో పొద్దునే చూసి పెట్టుకోవడం.

ఆ ఊరి గురించి అసలు చెప్పాల్సింది ఇది. 1945 మార్చి 31న పడిన బాంబులకు 306 ఇళ్లు, తొమ్మిది బురుజులు, 600 మీటర్లకు పైగా ప్రాకారం పోయాయి. దెబ్బతిన్నది ఎక్కువగా తూర్పు భాగం, అంటే స్టేషన్ వైపు. ప్రాకారం మీదికి మెట్లెక్కి నడుస్తుంటే లోపలి గోడలో చిన్న చిన్న రాతి పలకలు వరసగా వస్తాయి. ఒక్కోదాని మీద ఒక పేరు, ఒక ఊరు, ఒక కొలత. యుద్ధం తర్వాత గోడ తిరిగి కట్టడానికి మీటర్ల లెక్కన చందాలిచ్చినవాళ్ల పేర్లవి. జపాన్ పేర్లు, అమెరికా పేర్లు బోలెడు కనిపిస్తాయి. పలకలు దట్టంగా ఉన్నచోట మీరు నడుస్తున్నది తిరిగి కట్టిన గోడ. గోడ ఎక్కడానికి డబ్బు కట్టక్కర్లేదు. పైన కప్పు ఉంటుంది కాబట్టి వానలోనూ నడవొచ్చు. కానీ నడవా ఇరుకు, దూలాలు కాస్త పొడవాటివాళ్ల నుదుటికి సరిగ్గా తగిలే ఎత్తులో ఉంటాయి. ఎదురుగా మనిషి వస్తే ఒకరు గోడకు ఒదిగి నిలబడాలి, పిల్లల బండి పట్టదు.

సెయింట్ యాకబ్ చర్చిలోకి వెళ్లి కింద హాలు మాత్రం చూసి వచ్చేసేవాళ్లు చాలామంది. చూడాల్సింది పైన ఉంది. పడమటి వైపు మెట్లెక్కితే టిల్మన్ రీమెన్‌ష్నైడర్ 1500 నుంచి 1505 మధ్య చెక్కిన బలిపీఠం. లైమ్ చెట్టు కర్ర, రంగు పూయలేదు, కర్ర రంగే. చివరి విందు దృశ్యంలో సరిగ్గా మధ్యన నిలబడినవాడు యేసు కాదు, చేతిలో డబ్బు సంచితో జూడాస్. యేసు పక్కకు జరిగి ఉంటాడు. వెనక గోడకున్న చిన్న కిటికీల గుండా వెలుతురు బొమ్మల మధ్యలోంచి వస్తుంది. పగటిపూట ఎండ ఉన్నప్పుడు పది నిమిషాలు అక్కడే కూర్చుంటే ముఖాల మీద నీడలు కదలడం తెలుస్తుంది. బస్సువాళ్లకు ఆ పది నిమిషాలు ఉండవు.

బస్సులు పదిన్నర, పదకొండుకు వచ్చి సాయంత్రం నాలుగైదుకల్లా వెళ్లిపోతాయి. ఊరు ఊరులా ఉండేది ఆ తర్వాతే. రెండు బురుజుల మధ్య వంకర ఇల్లు కనిపించే ప్లోన్‌లైన్ కూడలి ఫొటో కావాలంటే ఉదయం ఎనిమిదికి అక్కడ ఉండండి. పదకొండింటికి వెళితే ఇంటికంటే మనుషులే ఎక్కువ పడతారు. చలికాలం చివరి వారాలు తప్పిస్తే రాత్రి 8 గంటలకు మార్కెట్ చౌరస్తా నుంచి కాపలావాడి వేషంలో ఒకాయన లాంతరు పట్టుకుని ఇంగ్లిష్‌లో కథ చెబుతూ ఊరంతా తిప్పుతాడు. జర్మన్ భాషలో అయితే తొమ్మిదిన్నరకు. దానికి చిల్లర నగదు దగ్గర ఉంచుకోండి. ఒక్క రాత్రి బస చేస్తే ఇవన్నీ అందుతాయి. మరో ఊరు తగ్గించుకున్నా నష్టం లేదన్నది మా గట్టి అభిప్రాయం. దుకాణాల్లో కనిపించే 'మంచు బంతి' మిఠాయి మాత్రం చూడటానికి ఉన్నంత బాగుండదు, నలుగురు కలిసి ఒకటి కొనుక్కుంటే చాలు.

నిజంగా చెక్కుచెదరనిదే కావాలంటే అక్కడికి దక్షిణాన డింకెల్స్‌బ్యూల్ ఉంది. యుద్ధంలో దానికి దెబ్బ తగల్లేదు. రోజువారీ రైలు లేదు, బస్సే గతి, ఆదివారాల్లో బస్సులు బాగా తగ్గిపోతాయి. ఇంకొంచెం కిందికి పోతే నోర్డ్లింగెన్. ఇది మాకు మరీ ఇష్టమైన ఊరు. చుట్టూ ప్రాకారం 2.7 కిలోమీటర్లు. ఎక్కడా తెగకుండా మొత్తం చుట్టూ గోడ మీదే నడిచి రావచ్చు, తీరుబడిగా గంట పడుతుంది. ఊరు కూర్చున్నది దాదాపు కోటిన్నర ఏళ్ల కిందట ఉల్క పడి ఏర్పడిన గుంటలో. గుంట వ్యాసం 24 కిలోమీటర్ల పైచిలుకు కాబట్టి కింద నిలబడితే ఏమీ తెలియదు. సెయింట్ జార్జ్ చర్చి గోపురం ఎక్కాలి. దాన్ని 'డానియెల్' అంటారు, 90 మీటర్లు, 350 మెట్లు. పైనుంచి చూస్తే గుండ్రటి ఊరు, దాని చుట్టూ గుండ్రటి మైదానం, అంచున కొండల వలయం. ఆ గోపురం కట్టిన బూడిదరంగు రాయి పేరు సువైట్. ఉల్క దెబ్బకు కరిగి, పగిలి, కలిసి గట్టిపడిన రాయి. అందులో కంటికి కనిపించనంత చిన్న వజ్రాలున్నాయి. చంద్రుడి మీద ఎలాంటి రాళ్లు ఏరాలో నేర్చుకోవడానికి అపోలో 14 వ్యోమగాములు 1970లో ఇక్కడికి వచ్చారు. అందుకు గుర్తుగా వచ్చిన చంద్రశిల ఊళ్లోని మ్యూజియంలో ఉంది. రాత్రి పది నుంచి పన్నెండు మధ్య అరగంటకోసారి గోపురం పైనుంచి కాపలామనిషి 'జో, గ్సెల్, జో' అని కేకవేస్తాడు. ఇది కూడా బస చేసినవాళ్లకే. వెళ్లడం తేలిక, డోనావ్యోర్ట్‌లో మారితే అరగంట.

కర్ర చట్రం ఇంటిని చూడటం తెలిస్తే తిరుగుడులో సగం విసుగు తగ్గుతుంది. దీన్ని నేర్చుకోవడానికి హార్ట్స్ కొండల అంచునున్న క్వెడ్లిన్‌బర్గ్‌ను మించిన ఊరు లేదు. రెండు వేల పైచిలుకు అలాంటి ఇళ్లు ఒకేచోట ఉన్నాయి. 1994లో యునెస్కో జాబితాకెక్కింది. ముందుగా వోర్డ్‌గాసె వీధిలోని చిన్న ఇల్లు చూడండి, 14వ శతాబ్దానిది, ఇప్పుడు మ్యూజియం. అందులో నిట్రాళ్లు నేల నుంచి కప్పు దాకా ఒకే కర్ర. పాత పద్ధతి అది. అంత పొడవాటి కర్రలు అరుదైపోయాక ఒక్కో అంతస్తును విడివిడి పెట్టెలా బిగించి ఒకదాని మీద ఒకటి ఎక్కించారు. అలా ఎక్కించేటప్పుడు పై అంతస్తును వీధి మీదికి ఒక జానో మూరో ముందుకు తోశారు. దానివల్ల పైన చోటు కలిసొచ్చింది, కింది గోడ మీద వాన పడలేదు, ముందుకొచ్చిన బరువు లోపలి దూలం నడుమ కిందికి కుంగకుండా ఆపింది. వీధి నుంచి తల ఎత్తి ఆ పొడుచుకొచ్చిన దూలాల కొసలు చూడండి. నగిషీ ఎక్కువగా ఉంటే యజమాని కలిగినవాడని అర్థం.

ఇంకాస్త దగ్గరికి వెళ్లి రెండు కర్రలు కలిసేచోట చూస్తే గుండ్రటి కర్ర చీల తల కనిపిస్తుంది. ఇనుప మేకు కాదు. పక్కనే ఉలితో గీసిన గీతలు, రోమన్ అంకెల్లా, ఉండొచ్చు. వడ్రంగి చట్రాన్నంతా ముందు తన ఆవరణలో నేలమీద పరిచి అమర్చుకుని, ఏది ఎక్కడికో గుర్తుపెట్టి, విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టేవాడు. ఆ గుర్తులే అవి. కర్రల మధ్య ఖాళీని తడికలు అల్లి, గడ్డి కలిపిన బంకమట్టి మెత్తి మూసేవారు. ఇటుకలు కనిపిస్తే సాధారణంగా అది తర్వాతి కాలపు మరమ్మతు. గుమ్మం మీది అడ్డదూలంపై ఏడాది చెక్కి ఉంటుంది. అది చాలాసార్లు ఇల్లు కట్టిన ఏడాదే, కానీ మరోచోటి నుంచి తెచ్చిన దూలమూ కావచ్చు. నకలు ఇంటిని పట్టిచ్చేది సాపు. దూలాల అంచులు గీత గీసినట్టు తిన్నగా, గచ్చు మరీ చదునుగా, ఇల్లు ఏ పక్కకూ ఒరగకుండా ఉంటే అనుమానించండి. హిల్డెస్‌హైమ్ చౌరస్తాలోని కసాయివాళ్ల సంఘం భవనం అలాంటిదే. 1529లో కట్టింది 1945 మార్చి 22న కాలిపోతే 1987 నుంచి 1989 వరకు మళ్లీ కట్టారు. చాలా అందంగా ఉంటుంది, ఒప్పుకోవాల్సిందే. క్వెడ్లిన్‌బర్గ్‌లో మాత్రం ఇళ్లు ఒకదాని భుజం మీద ఒకటి వాలి నిలబడి ఉంటాయి. తూర్పు జర్మనీ ప్రభుత్వం దగ్గర వాటిని బాగుచేసే డబ్బూ లేదు, అన్నిటినీ కూల్చి కొత్తవి కట్టే డబ్బూ లేదు. మిగిలింది అందుకే.

ఉత్తరాన ల్యూబెక్ వెళ్లేవాళ్లు స్టేషన్ నుంచి నడిచి రాగానే రెండు లావాటి బురుజుల సింహద్వారం, హోల్‌స్టెన్‌టోర్, చూస్తారు. 1464 నుంచి 1478 వరకు కట్టారు. రెండు బురుజులూ వాలి ఉంటాయి, మెత్తటి నేలలో దిగబడి. బయటి వైపు గోడ మందం, సన్నటి తూట్లు, ఊరి వైపు అందమైన కిటికీలు. శత్రువుకు చూపే ముఖం ఒకటి, ఊరివాళ్లకు చూపేది ఇంకొకటి. ఫొటో తీసి అటే వెళ్లిపోకుండా సెయింట్ మేరీ చర్చిలోకి వెళ్లండి. 1942 మార్చి 28 రాత్రి మంటల్లో దక్షిణ గోపురం నుంచి పడిన రెండు గంటలు నేలలో దిగి పగిలి, పడినచోటే ఇప్పటికీ ఉన్నాయి. పక్కనే బోర్డు పెద్దగా ఏమీ చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా.

న్యూరెంబర్గ్ పాత ఊళ్లో దాదాపు 90 శాతం 1945 జనవరి 2న పోయింది. ఇక్కడ తిరిగి కట్టినవాళ్లు నకళ్ల జోలికి పెద్దగా పోలేదు. పాత వీధుల గీతలు, కప్పుల వాలు అలాగే ఉంచి ఇళ్లు సాదాగా లేపారు. కోట, ప్రాకారం, చర్చిలు మాత్రం పూర్వరూపంలో బాగుచేశారు. మధ్యాహ్నం సరిగ్గా 12 గంటలకు మార్కెట్లోని ఫ్రావెన్‌కిర్షె గడియారం కింద చక్రవర్తిని ఎన్నుకునే హక్కున్న ఏడుగురు ప్రభువుల బొమ్మలు చక్రవర్తి నాలుగో చార్లెస్ చుట్టూ తిరుగుతాయి. ఆ ఎన్నిక పద్ధతిని ఖరారు చేసిన 1356 నాటి 'గోల్డెన్ బుల్' శాసనం జ్ఞాపకార్థం, 1509 నుంచి ఉన్న ఏర్పాటు. రోజుకు ఈ ఒక్కసారే కనుక పదకొండు యాభైకి చేరుకోండి. గంటలు మోగాక బొమ్మలు కదలడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, ఈలోపే 'ఏమీ జరగలేదే' అని వెళ్లిపోయేవాళ్లున్నారు. ఆ చర్చి నిలబడిన చోట ముందు యూదుల ప్రార్థనాలయం ఉండేది. 1349లో దాన్ని పడగొట్టి, యూదులను చంపి, తరిమి ఆ చౌరస్తా చేశారు. గైడు చెప్పకపోతే అడగండి.

నేల మీద కూడా చదవాల్సినవి ఉన్నాయి. ఇళ్ల ముందు కాలిబాటలో అరచేతి వెడల్పు ఇత్తడి పలకలు, పది సెంటీమీటర్ల చదరం, కనిపిస్తాయి. 'హీయర్ వోన్టె' అని మొదలవుతాయి, 'ఇక్కడ నివసించేవారు' అని. తర్వాత పేరు, పుట్టిన ఏడాది, నాజీలు ఎప్పుడు పట్టుకెళ్లారు, ఎక్కడ చంపారు. గుంటర్ డెమ్నిగ్ అనే కళాకారుడు 1992లో కొలోన్‌లో మొదలుపెట్టిన పని. లక్షో పలకను 2023లో న్యూరెంబర్గ్‌లోనే పరిచారు. ఒకే గుమ్మం ముందు నాలుగైదు ఉంటే ఒక కుటుంబం. వంగి చదవడంలో తప్పేమీ లేదు, అందుకే అలా పెట్టారు.

ఇక టికెట్లు, మన డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే. 'డాయిష్‌లాండ్ టికెట్' 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. దేశమంతా ప్రాంతీయ రైళ్లు, ఎస్‌బాన్ (నగర శివారు రైళ్లు), మెట్రో, ట్రాము, సిటీ బస్సులన్నిట్లో చెల్లుతుంది. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరపు వేగపు రైళ్లలో చెల్లదు. ఇది నెలనెలా దానంతటదే పొడిగించుకునే చందా. ఆ నెలతో ఆపాలంటే అదే నెల 10వ తేదీలోపు రద్దు చేయాలి. 12న గుర్తొస్తే ఇంటికి చేరాక ఇంకో నెల డబ్బు కూడా కట్ అవుతుంది. క్యాలెండర్ నెలకే చెల్లుతుంది కాబట్టి 25న దిగి వచ్చే నెల 5 వరకు ఉండేవాళ్లకు అది లాభం కాదు. వాళ్లు, ముఖ్యంగా నలుగురైదుగురు కలిసి వెళ్లేవాళ్లు, రోజువారీ రాష్ట్ర టికెట్లు చూడాలి. బవేరియా టికెట్ ఒక రోజుకు ఐదుగురి వరకు ఇస్తారు. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే, మామూలు రోజుల్లో ఉదయం 9 నుంచే మొదలు, మర్నాడు తెల్లవారుజామున 3 వరకు చెల్లుతుంది. 8.52 రైలెక్కి 'ఎనిమిది నిమిషాలే కదా' అంటే కుదరదు. టికెట్ మీద పేర్లు రాయాలి, ఖాళీగా ఉంటే టికెట్ లేనట్టే లెక్క.

స్టేషన్లలో గేట్లుండవు, ఎవరూ ఆపరు. అంతమాత్రాన తనిఖీ లేదనుకోకండి. మామూలు దుస్తుల్లో ఎక్కి కార్డు చూపించి అడుగుతారు. సిటీ ట్రాముల్లో కొన్నిచోట్ల టికెట్ కొన్నాక చిన్న యంత్రంలో పెట్టి ముద్ర వేయించుకోవాలి, లేకుంటే 60 యూరోలు జరిమానా. 'తెలియదు' అన్న మాటకు అక్కడ విలువ లేదు. తక్కువ ధరకు కొన్న దూరపు రైలు టికెట్ ఆ ఒక్క బండికే కట్టుబడి ఉంటుంది. కాకపోతే గమ్యానికి 20 నిమిషాలకు మించి ఆలస్యం అవుతుందని తేలితే తర్వాతి బండి ఎక్కొచ్చు. గంట ఆలస్యమైతే పావు వంతు, రెండు గంటలైతే సగం డబ్బు వెనక్కి అడగొచ్చు. అసలు ఆలస్యాలు మామూలైపోయాయి. మారే చోట ఆరు నిమిషాలున్న ప్రయాణాన్ని యాప్ సూచించినా పాతిక నిమిషాలున్నది ఎంచుకోండి. ఇంకొకటి, కొన్ని ప్రాంతీయ రైళ్లు దారిలో రెండుగా విడిపోయి ముందు సగం ఒక ఊరికీ వెనక సగం ఇంకో ఊరికీ పోతాయి. తలుపు పక్కన బోర్డు మీద మీ ఊరి పేరు ఉన్న పెట్టెలోనే కూర్చోండి.

స్టేషన్ పేరుకూ పాత ఊరికీ మధ్య దూరం కూడా చూసుకోవాలి. హైడెల్‌బర్గ్ పెద్ద స్టేషన్ నుంచి పాత ఊరు రెండు కిలోమీటర్ల పైనే, బస్సెక్కాలి, లేదా 'ఆల్ట్‌స్టాట్' అనే చిన్న స్టేషన్ దాకా ఎస్‌బాన్‌లో పోవాలి. లింబర్గ్‌లో ఐసీఈ ఆగేది ఊరి బయట, అందమైన కెథెడ్రల్ కింద కాదు. పెట్టె చక్రాలు ఆ రాళ్ల వీధుల్లో పావుగంటలో పాడవుతాయి, పాత ఇంటి హోటళ్లలో చాలాచోట్ల లిఫ్టు ఉండదు. పెద్ద పెట్టెను స్టేషన్ లాకర్లో పడేసి ఒక రాత్రికి చిన్న సంచితో వెళ్లడం తెలివైన పని. పెద్ద లాకర్లు తక్కువ, మధ్యాహ్నానికి నిండిపోతాయి.

సెలవుల సంగతి వేరే చెప్పాలి. ఆదివారం దుకాణాలు మూత. పెద్ద స్టేషన్లలోవి, కొద్దిసేపు బేకరీలు మాత్రం తెరుస్తారు. సోమవారం మ్యూజియంలు మూసే ఊళ్లు ఎక్కువ. డ్రెస్డెన్ రాజభవనం మ్యూజియంలకు మంగళవారం సెలవు. సెలవు రోజులు కూడా రాష్ట్రాన్ని బట్టి మారతాయి. అక్టోబరు 31 థురింగియాలో సెలవు, బవేరియాలో కాదు. నవంబరు 1 బవేరియాలో సెలవు, థురింగియాలో కాదు. 31న ఎర్‌ఫర్ట్‌లో ఉండి మర్నాడు న్యూరెంబర్గ్ వెళ్లినవాళ్లకు రెండు రోజులూ దుకాణాల షట్టర్లే కనిపిస్తాయి. అదే వరస తిప్పి పెట్టుకుంటే రెండు రోజులూ తెరిచే ఉంటాయి. డిసెంబరులో నాలుగున్నరకల్లా చీకటి, జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకూ వెలుతురే. గోడల మీద నడిచేవాళ్లకు మే, జూన్, సెప్టెంబరు అనుకూలం.

తిండి గురించి రెండు ముక్కలు. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం రెండు దాటితే వంటింటి పొయ్యి ఆర్పేసి మళ్లీ సాయంత్రం ఐదున్నరకు వెలిగిస్తారు. మాంసం తిననివాళ్లు 'వెజిటారిష్' అని అడిగి ఊరుకోకుండా రసంలో, బంగాళాదుంప సలాడ్‌లో పంది కొవ్వు ముక్కలున్నాయా అని కూడా అడగాలి. స్వేబియా ప్రాంతపు 'మావుల్‌టాషెన్' పైకి కజ్జికాయలా అమాయకంగా ఉంటాయి, లోపల మాంసం. ఉపవాసపు రోజుల్లో దేవుడికి కనపడకుండా తినడానికే పుట్టాయని అక్కడివాళ్లే నవ్వుతూ చెబుతారు. 'స్టామ్‌టిష్' అని బోర్డున్న బల్ల ఖాళీగా ఉన్నా కూర్చోకూడదు, అది ఊరివాళ్లది. కార్డు తీసుకోని కొట్లు ఇంకా ఉన్నాయి, టాయిలెట్‌కు నాణెం కావాలి, సీసా నీళ్ల మీద కట్టించుకునే 25 సెంట్లు ఖాళీ సీసాను సూపర్‌మార్కెట్ యంత్రంలో వేస్తే వెనక్కి వస్తాయి.

మీ పత్రికకు మా విన్నపం ఒక్కటే. ఇకపై ఈ ఊళ్ల ఫొటోలు వేసినప్పుడు కింద ఆ కట్టడం కట్టిన ఏడాది, కాలి ఉంటే మళ్లీ కట్టిన ఏడాది, రెండూ వేయండి. రోథెన్‌బర్గ్ అయితే పేరు పూర్తిగా, నదితో సహా వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు